ఒకే మంచు చిరుత, రెండు గొంతులు

‘ప్లానెట్ ఎర్త్’ అనే ప్రకృతి డాక్యుమెంటరీ సిరీస్‌ను బీబీసీ 2006లో బ్రిటిష్ ప్రకృతి వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో గొంతుతో ప్రసారం చేసింది. మరుసటి ఏడాది అమెరికాలో డిస్కవరీ ఛానెల్ వ్యాఖ్యానాన్ని నటి సిగోర్నీ వీవర్ చేత చెప్పించింది. బొమ్మ దాదాపు అదే, చూసిన అనుభూతి మాత్రం వేరు.

అందులో ఒకచోట పాకిస్తాన్ కొండల్లో మంచు చిరుత ఒక మార్ఖోర్ మేకను నిట్టనిలువు వాలు మీద తరుముతుంది. మేక నదిలోకి దూకి తప్పించుకుంటుంది. ఇలాంటి చోట అటెన్‌బరో గొంతు దించేస్తారు, మాట పొదుపు చేస్తారు. టెన్షన్‌ను మన కళ్లకే వదిలేస్తారు. పైగా 1979లో ప్రసారమైన ‘లైఫ్ ఆన్ ఎర్త్’ సిరీస్ కోసం రువాండాలో గొరిల్లాల మధ్య కూర్చున్న మనిషి. ఆయన చెబితే చూసొచ్చి చెప్పినట్టుంటుంది.

వీవర్‌ది స్పష్టమైన, హాయిగా వినిపించే గొంతు. అమెరికన్ యాస అలవాటైనవాళ్లకు ఇదే సులువు. అడవి ఆమెకు కొత్తేం కాదు, 1988లో గొరిల్లాల పరిశోధకురాలు డయాన్ ఫాసీగా నటించారు. అయినా నాకు మాత్రం ఎదురుగా కాగితం పెట్టుకుని చదువుతున్నట్టే అనిపిస్తుంది. సమాచారం అందుతుంది, ఉత్కంఠ అందదు.

పిల్లలతో చూస్తే వీవర్‌ది చాలు. ఒంటరిగా, రాత్రిపూట అయితే నా ఓటు అటెన్‌బరోకే.