బిజినెస్ డిగ్రీలో విదేశీ ఎక్స్ఛేంజ్: ఒక సెమిస్టరా, ఏడాదా, డబుల్ డిగ్రీయా, వేసవి కోర్సా?

ఎక్స్ఛేంజ్ ఫారం చేతికి రాగానే చాలామంది ముందు ఊరు ఎంచుకుంటారు. మిలానా, సింగపూరా అన్న చర్చ వారాల తరబడి సాగుతుంది. అసలు తేల్చుకోవాల్సింది మాత్రం చివరి రోజు దాకా అలాగే ఉండిపోతుంది: అక్కడ పాసైన సబ్జెక్టుల్లో ఎన్ని మీ సొంత యూనివర్సిటీ మార్కుల జాబితాలోకి ఎక్కుతాయి? ఒక సెమిస్టర్ వెళ్లాలా, ఏడాది వెళ్లాలా అన్నది ఈ లెక్క తేలాకే తేలుతుంది. ఊరు ఆ తర్వాత.

ముందు ఒక తేడా తెలిసుండాలి. ఎక్స్ఛేంజ్ అంటే రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటుంది. మీరు ఫీజు సొంత యూనివర్సిటీకే కట్టి అవతల చదువుతారు. ఒప్పందం లేని చోటికి సొంతంగా అప్లై చేసుకుని వెళ్తే విజిటింగ్ స్టూడెంట్ అంటారు, యూరప్‌లో ఫ్రీ మూవర్ అంటారు. అప్పుడు అక్కడి ట్యూషన్ ఫీజు మీరే కట్టాలి. ఎక్స్ఛేంజ్ అయితే సొంత యూనివర్సిటీ ముందుగా మీ పేరు అవతలికి పంపాలి, దాన్ని నామినేషన్ అంటారు. అది వెళ్లకుండా అవతలి ఫారం ఎంత శ్రద్ధగా నింపినా ఉపయోగం లేదు. ఫీజు మాఫీ అయినా ఇల్లు, తిండి, వీసా, ఇన్సూరెన్స్ మీవే. జర్మనీలో చాలాచోట్ల సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అని ఒక మొత్తం ఎక్స్ఛేంజ్ విద్యార్థులూ కడతారు.

క్రెడిట్ల దగ్గర లెక్క ఎలా తప్పుతుంది

యూరప్‌లో యూనివర్సిటీలన్నీ వాడే ఈసీటీఎస్ క్రెడిట్ పద్ధతి లెక్కన సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, ఏడాదికి 60. ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. అందులో క్లాసు, ఇంటి దగ్గర చదువు, అసైన్‌మెంట్లు, పరీక్ష అన్నీ కలిసే ఉంటాయి. బ్రిటన్‌లో ఏడాదికి 120 క్రెడిట్లు, అంటే అక్కడి రెండు క్రెడిట్లు ఒక ఈసీటీఎస్ క్రెడిట్‌తో సమానం. అమెరికాలో సెమిస్టర్‌కి 15 క్రెడిట్ అవర్లు మామూలు, ఫుల్‌టైమ్ అనిపించుకోవడానికి కనీసం 12 కావాలి.

మొత్తాలు ఇలా సరిపోతాయి. ముక్కలు సరిపోవు. కోపెన్‌హేగన్ బిజినెస్ స్కూల్లో ఒక ఎలెక్టివ్ (మీరే ఎంచుకునే ఐచ్ఛిక కోర్సు) సాధారణంగా 7.5 క్రెడిట్లు, నాలుగు తీసుకుంటే సెమిస్టర్ నిండిపోతుంది. మీ దగ్గర అదే సెమిస్టర్‌లో ఐదేసి క్రెడిట్ల పేపర్లు ఆరు ఉన్నాయనుకోండి. నాలుగూ పాసై వచ్చారు, 30కి 30 క్రెడిట్లు వచ్చాయి. అయినా ఆరు పేపర్లకి ఎదురుగా ఉన్నవి నాలుగు కోర్సులే. పేపర్‌కి పేపర్ పోల్చి చూసే యూనివర్సిటీ అయితే రెండు పేపర్లు మీ నెత్తిన మిగిలిపోతాయి. సెమిస్టర్ మొత్తాన్ని ఒక్కటిగా తీసుకునే యూనివర్సిటీ అయితే ఏమీ మిగలవు. మీ ఎక్స్ఛేంజ్ ఆఫీసులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, జవాబు ఈమెయిల్లో రాయించుకోండి.

రెండో చిక్కు సబ్జెక్టు లోపల ఉంటుంది. పేరు ఒకటే అయినా పాఠం ఒకటి కాదు. అమెరికాలో ఫైనాన్షియల్ అకౌంటింగ్‌ని గ్యాప్ (GAAP) అనే అక్కడి అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం చెబుతారు, యూరప్‌లో ఎక్కువగా ఐఎఫ్‌ఆర్‌ఎస్ (IFRS) అనే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం. ఒక్క ఉదాహరణ చూడండి. దుకాణదారు ఒకే రకం వస్తువు ముందు 100కి ఒకటి, తర్వాత 120కి ఒకటి కొన్నాడు. ఒకటి 150కి అమ్మాడు. చివర కొన్నదే ముందు అమ్ముడైందని లెక్కించే లిఫో పద్ధతిలో లాభం 30. మొదట కొన్నదే ముందు పోయిందనే ఫిఫోలో 50. అమెరికా ప్రమాణాల్లో లిఫో చెల్లుతుంది, ఐఎఫ్‌ఆర్‌ఎస్‌లో చెల్లదు. ఇలాంటి తేడాలు సిలబస్‌లో కనబడగానే మీ యూనివర్సిటీ ప్రొఫెసర్ రెండు కోర్సులూ సమానమని ఒప్పుకోకపోవచ్చు, ఆయన్ని తప్పుపట్టలేం. ట్యాక్స్, కంపెనీ లా, ఆడిట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి పూర్తిగా ఆ దేశపు చట్టాల పాఠాలు.

కాబట్టి దేశంతో ముడిపడిన సబ్జెక్టులు సొంత యూనివర్సిటీకి వదిలేయండి. స్ట్రాటజీ, మార్కెటింగ్, ఆర్గనైజేషనల్ బిహేవియర్, సప్లై చైన్, ఇంటర్నేషనల్ బిజినెస్, కార్పొరేట్ ఫైనాన్స్ అయితే ఎక్కడైనా దాదాపు ఒకే పాఠాలు. బయట తీసుకోవాల్సినవి ఇవీ, మీ ఎలెక్టివ్‌లూ. డిగ్రీలో ఇలాంటివి ఇంకా ఎన్ని మిగిలున్నాయో కాగితం మీద రాసి లెక్కపెట్టండి. ఒక సెమిస్టర్‌కి సరిపడా ఉంటే ఒక సెమిస్టర్. రెండింటికి సరిపడా ఉంటేనే ఏడాది మాట ఎత్తండి.

ఒక సెమిస్టర్

ఎక్కువమందికి ఇదే మేలని మా అభిప్రాయం, అదీ డిగ్రీ మూడో ఏడాది మొదటి సగంలో. అప్పటికి అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, మైక్రో ఎకనామిక్స్ అయిపోయి ఉంటాయి కాబట్టి పైస్థాయి కోర్సులకి అడిగే ముందస్తు అర్హతలు ఉంటాయి. రెండో ఏడాదిలోనే వెళ్తే చాలా ఎలెక్టివ్‌లు ఈ అర్హతల దగ్గరే ఆగిపోతాయి.

దీని బలహీనత సమయం. పాఠాలు నడిచేది చాలాచోట్ల 12 నుంచి 15 వారాలు. అందులో మొదటి రెండు మూడు వారాలు రెసిడెన్స్ నమోదు, బ్యాంకు ఖాతా, కోర్సుల మార్పుచేర్పుల్లో పోతాయి. గ్రూప్ ప్రాజెక్టులు ఎక్కువగా ఉండే బిజినెస్ కోర్సుల్లో ఇది దెబ్బ తీస్తుంది: మీరు తేరుకునేసరికి మిగతావాళ్లు జట్లు కట్టేసి ఉంటారు. మొదటి క్లాసుకి తప్పకుండా వెళ్లండి.

క్యాలెండర్ ఇంకో ఉచ్చు. జర్మనీ యూనివర్సిటీల్లో శీతాకాలపు సెమిస్టర్ అధికారికంగా అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు. పాఠాలు ఫిబ్రవరి దాకా, పరీక్షలు ఆ తర్వాత. జనవరిలో మీ తర్వాతి సెమిస్టర్ మొదలైపోతే ఇరుక్కుంటారు. మన్‌హైమ్ యూనివర్సిటీ ఈ ఇబ్బంది లేకుండా సెప్టెంబర్‌లో మొదలుపెట్టి డిసెంబర్‌లో ముగిస్తుంది, కాబట్టి దేశాన్ని కాదు, ఆ యూనివర్సిటీ తేదీల్నే చూడాలి. ఆస్ట్రేలియాలో ఏడాది ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో మొదలవుతుంది, జపాన్‌లో ఏప్రిల్‌లో.

కోర్సుల ఆమోదం తీసుకునేటప్పుడు ఐదు కావాలంటే తొమ్మిదో పదో ఆమోదం చేయించుకుని వెళ్లండి. సీట్లు నిండిపోతాయి, టైమ్‌టేబుల్లో రెండు కోర్సులు ఒకే గంటకి పడతాయి, ఒక్కోసారి ఆ టర్మ్‌లో కోర్సే ఉండదు. ముందే ఆమోదం ఉన్న కోర్సులోకి మారడం ఒక ఈమెయిల్ పని. లేని కోర్సులోకి మారితే ఆ క్రెడిట్లకి గ్యారంటీ లేదు. యూరప్ ఎక్స్ఛేంజ్ పథకమైన ఎరాస్మస్‌లో ఈ ఒప్పందాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు, విద్యార్థితో పాటు రెండు యూనివర్సిటీలూ సంతకం చేయాలి. మార్పులు కూడా అందులోనే రాయించాలి, నోటిమాట చెల్లదు.

ఏడాది

పైన చెప్పిన మూడు వారాల నష్టం ఏడాదికీ అంతే, పది నెలల మీద పరుచుకుంటుంది. విమాన ఛార్జీ, వీసా ఫీజు కూడా ఐదు నెలలకైనా పది నెలలకైనా ఒక్కసారే. ఇల్లు దొరకడం కూడా తేలిక, చాలామంది యజమానులు పొడుగు ఒప్పందాలే ఇష్టపడతారు. అన్నిటికన్నా పెద్ద లాభం భాష. ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, జపనీస్‌లలో పని చేసే స్థాయి రావాలంటే ఒక సెమిస్టర్ చాలదు. మొదటి సగం ఇంగ్లిష్ కోర్సులు తీసుకుని, రెండో సగంలో ఒకటో రెండో స్థానిక భాషలోనే తీసుకోవడం మంచి పద్ధతి.

నష్టం ఎక్కడంటే, రెండో సెమిస్టర్‌కి వచ్చేసరికి సరిపోలే కోర్సులు అయిపోతాయి. అవసరం లేని ఎలెక్టివ్‌లతో క్రెడిట్లు నింపుతారు. తిరిగొచ్చాక చివరి ఏడాదిలో ట్యాక్స్, లా, ఆడిట్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. పైగా బ్యాంకులు, కన్సల్టింగ్ సంస్థలు వేసవి ఇంటర్న్‌షిప్‌లకి చాలా నెలల ముందే అప్లికేషన్లు తీసుకుంటాయి. ఆ సమయంలో వేరే టైమ్ జోన్‌లో ఉండి సొంత క్యాంపస్ ప్లేస్‌మెంట్లు తప్పిపోతే తిరిగి రాబట్టుకోవడం కష్టం. ఒక సెమిస్టర్ ఒక దేశం, రెండోది ఇంకో దేశం అన్న ఆలోచన కూడా వస్తుంది. మా మాట వినండి, వద్దు. రెండు వీసాలు, రెండు ఇళ్లు, రెండుసార్లు కుదురుకోవడం: ఏడాదికి ఉన్న లాభాలన్నీ పోతాయి.

ఇంకో మాట: ఒక సెమిస్టర్‌కి వెళ్లి నచ్చితే పొడిగించుకుందాం అనుకోకండి. బ్రిటన్‌కి ఆరు నెలల లోపు చదువుకి విజిటర్‌గా వెళ్లవచ్చు. అలా వెళ్తే పని చేయడానికి వీల్లేదు, అక్కడే ఉండి స్టూడెంట్ వీసాకి మారడానికీ వీల్లేదు. ఏడాది అయితే మొదటే స్టూడెంట్ వీసా. అమెరికాకి జే-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద వెళ్లేవాళ్ల డీఎస్-2019 కాగితం మీద ప్రోగ్రాం ముగింపు తేదీ ఉంటుంది. ఆ తర్వాత తిరిగి బయల్దేరడానికి 30 రోజులే. జే-1కి ఇన్సూరెన్స్ నియమం కూడా ఖచ్చితం: ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల వైద్య ఖర్చు, వైద్యం కోసం తరలింపుకి 50,000 డాలర్లు కవర్ అవ్వాలి. చవకగా దొరికే ట్రావెల్ పాలసీల్లో కొన్ని ఇందులో తేలిపోతాయి. కొనేముందు ఈ అంకెలు పాలసీ కాగితంలో వెతకండి.

డబుల్ డిగ్రీ

ఇది ఎక్స్ఛేంజ్‌కి పొడిగింపు కాదు, వేరే చదువు. ఐపీబీఎస్ కూటమిలోని బిజినెస్ స్కూళ్లలో, ఉదాహరణకి జర్మనీలోని రాయిట్లింగెన్ ఈఎస్‌బీలో, రెండేళ్లు ఒక చోట, రెండేళ్లు ఇంకో చోట చదివి రెండు డిగ్రీలు అందుకుంటారు. వరల్డ్ బ్యాచిలర్ ఇన్ బిజినెస్‌లో అమెరికాలోని యూఎస్‌సీ, హాంకాంగ్‌లోని హెచ్‌కేయూఎస్‌టీ, మిలాన్‌లోని బొకోనీ కలిసి నాలుగేళ్లలో మూడు డిగ్రీలు ఇస్తాయి. రెండింటిలోనూ కోర్సుల పోలిక గొడవ లేదు, ప్రోగ్రాం కట్టేటప్పుడే కుదిర్చారు. అయితే చేరేటప్పుడే నిర్ణయించుకోవాలి. రెండో ఏడాదిలో గుర్తొస్తే ఆలస్యమైనట్టే. పద్దెనిమిదేళ్ల వయసులో ఏ దేశంలో పని చేయాలో స్పష్టంగా తెలిసినవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. తెలియనివాళ్లు రెండేళ్లు ఒక భాషకీ ఒక దేశానికీ కట్టుబడేముందు బాగా ఆలోచించాలి.

వేసవి కోర్సు

చిన్నది, ఖరీదైనది, ఇబ్బంది లేనిది. కోపెన్‌హేగన్ వేసవి ప్రోగ్రాంలో ఆరు వారాలకి 7.5 క్రెడిట్లు, లండన్‌లోని ఎల్‌ఎస్‌ఈలో మూడేసి వారాల సెషన్లు. ఎక్స్ఛేంజ్ కోటాలో సీటు వస్తే తప్ప ఫీజు మీరే కట్టాలి. షెంజెన్ దేశాల్లో (ఒకే షార్ట్ స్టే వీసా చెల్లే యూరప్ దేశాలు) 90 రోజుల లోపే కాబట్టి షార్ట్ స్టే వీసా చాలు. సెమిస్టర్ పొడవునా కదల్లేని డిగ్రీ అయితే, ఒక కోర్సు తేలిగ్గా తగ్గించుకోవాలంటే ఇది చాలు.

గ్రేడ్లు, తిరిగొచ్చాక

ఏది ఎంచుకున్నా మార్కుల మార్పిడి ముందే తెలుసుకోండి. ఫ్రాన్స్‌లో 20కి 10 పాస్, 16 దాటడమే గొప్ప. జర్మనీలో తలకిందులు: 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 పాస్. డెన్మార్క్‌లో 12 పైది, 02 పాస్. 20కి 14 వచ్చిన విద్యార్థిని నేరుగా 70 శాతంగా రాసేస్తే అన్యాయం జరుగుతుంది. మీ యూనివర్సిటీ మార్పిడి పట్టిక వాడుతుందో, శాతం లెక్కేస్తుందో అడగండి. గ్రేడ్లు సగటులో కలపకుండా పాస్ అని మాత్రమే రాసే యూనివర్సిటీ అయితే కష్టమైన కోర్సు ధైర్యంగా తీసుకోండి, నేర్చుకునే అవకాశం అదే.

ఫెయిలైతే మళ్లీ పరీక్ష సాధారణంగా సెమిస్టర్ ముగిశాక వారాలకో నెలలకో పెడతారు, అప్పటికి మీరు తిరిగొచ్చేసి ఉంటారు. జర్మనీలో కొన్ని కోర్సుల్లో మొత్తం మార్కులు చివరి రాత పరీక్ష ఒక్కదానివే. క్లాసులో మాట్లాడినందుకు, మధ్యలో క్విజ్‌లకు మార్కులిచ్చే అమెరికా పద్ధతికి అలవాటుపడినవాళ్లు అక్కడే జారతారు. తిరుగు టికెట్ కొనేముందు మళ్లీ పరీక్ష తేదీ, దాన్ని మీ యూనివర్సిటీలోనే కూర్చుని రాయనిస్తారా అన్నది తేల్చుకోండి. బయల్దేరే రోజు నాటికి ప్రతి కోర్సు సిలబస్, పాఠ్యపుస్తకం పేరు, చేసిన అసైన్‌మెంట్లు మీ సొంత ఖాతాలోకి దింపుకుని ఉండాలి. మార్కుల పత్రం చేరడానికి వారాలు పడుతుంది, అవతలి లాగిన్ ఆలోపే మూసేయవచ్చు; కోర్సు పోలిక మీద ప్రొఫెసర్‌కి అనుమానం వస్తే చూపించడానికి మీ దగ్గర ఉండేవి ఆ కాగితాలే.