బావి గుంత, వరద మట్టం, పసుపు పెట్టె: మా మండలంలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణపై సమీక్ష

కోనసీమలోని మా మండలంలో చమురు, సహజవాయు ఉత్పత్తి బావుల కోసం ఏర్పాటు చేసిన పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకు నేను ఉదయం నుంచి సాయంత్రం దాకా హాజరయ్యాను. మా ఊరి నీటి సంఘంలో సభ్యుణ్ణి కనుక రెండే విషయాల మీద దృష్టి పెట్టాను. బావి తవ్వినప్పుడు వెలువడే ప్రమాదకర వ్యర్థాలను ఎక్కడ ఉంచుతారు, ఎక్కడికి పంపుతారు అన్నది ఒకటి. అక్కడ వాడే రేడియోధార్మిక పరికరాలకు ఎవరు జవాబుదారీ అన్నది రెండవది. చమురు తీయాలా వద్దా అన్న చర్చ ఈ సమీక్షలో లేదు. ప్రభుత్వం పౌరుడికి అందిస్తున్న ఒక సేవగా ఈ సభ ఎంత పనికివచ్చిందో మాత్రమే రాస్తున్నాను.

ఈ సేవ విలువ తెలియాలంటే దాని వెనుక ఉన్న నియమం కొంత తెలియాలి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన ఇవ్వాలి. ఇంతమంది రావాలన్న కోరం నిబంధన లేదు. పదిమందే వచ్చినా సభ చెల్లుతుంది. మొత్తం వీడియో తీయాలి. చివరన కార్యక్రమ సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. 2020 జనవరిలో జరిగిన సవరణతో అన్వేషణ కోసం తవ్వే బావులకు ఈ సభ అవసరం లేకుండా పోయింది. ఉత్పత్తి దశకు మాత్రం మిగిలింది. అంటే ఒక ఊరికి తన ప్రశ్న అధికారికంగా నమోదు చేయించుకునే అవకాశం ఇప్పుడు ఆలస్యంగా, ఒక్కసారే వస్తోంది. 1995 జనవరిలో ఇదే కోనసీమలోని పాశర్లపూడిలో బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండిన రోజులు చూసినవారు ఇంకా మా మధ్య ఉన్నారు. ఆ ఒక్కసారి సరిగ్గా జరగాలని నేను గట్టిగా కోరుకోవడానికి కారణం అదే.

ప్రకటన సకాలంలోనే వచ్చింది. పత్రాల దగ్గర మాత్రం నాకు తీవ్రమైన అసంతృప్తి కలిగింది. పూర్తి పర్యావరణ ప్రభావ నివేదిక వందల పుటల ఇంగ్లీషు గ్రంథం. తెలుగులో ఉన్నది పలుచని సారాంశం. ఇంగ్లీషు నివేదికలో వ్యర్థాలకు ఒక అధ్యాయం, పట్టికలు, పరిమాణాలు ఉండగా తెలుగు సారాంశంలో “వ్యర్థాలను నిబంధనల మేరకు తొలగిస్తారు” అన్న వాక్యం ఒక్కటే ఉంది. అనువాదం అంతకంటే ఎక్కువ హాని చేసింది. బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే డ్రిల్లింగ్ మడ్‌ను “బురద” అని రాశారు. డెల్టా రైతుకు బురద అంటే నాట్లు వేసే దమ్ము నేల. అందులో భయపడవలసినది ఏమీ లేదు. బెంటొనైటు, బెరైటు, ఇతర రసాయనాలు కలిపిన ఆ ద్రవాన్ని అదే మాటతో పిలిస్తే చదివినవాడికి ప్రశ్న ఎందుకు పుడుతుంది? సీల్డ్ రేడియోధార్మిక సోర్సును, అంటే రేడియోధార్మిక పదార్థాన్ని బయటికి రాకుండా బిగించిన చిన్న గొట్టాన్ని, “మూసివేసిన వనరు” అన్నారు. ఆ మాట చదివి అది ఏమిటో ఊహించగలిగిన మనిషి మా ఊళ్ళో ఒక్కరూ లేరు. నివేదిక తయారుచేసిన కన్సల్టెంటు సంస్థ ఈ రెండు మాటలను ఎవరైనా తెలుగు రైతుకు ఒకసారి చూపించి ఉంటే సరిపోయేది.

వేదికను మండల కేంద్రానికి దగ్గరగా, ఒక పాఠశాల ఆవరణలో పెట్టారు. షామియానా, మంచినీళ్ళు, కుర్చీలు బాగానే ఉన్నాయి. అయితే ప్రతిపాదిత బావుల్లో ఒకటి లంక భూమికి ఆనుకుని ఉంది. అక్కడివారు పంటు దాటి, ఆటో ఎక్కి రావాలి. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు మధ్యాహ్నం పన్నెండు దాటాక గానీ రాలేకపోయారు. అధ్యక్షత వహించిన అధికారి ఆ సంగతి గమనించి, అప్పటికే ముగియబోతున్న వరుసను మళ్ళీ తెరిపించి వారికి మైకు ఇప్పించారు. ఆ ఓర్పును ప్రత్యేకంగా మెచ్చుకోవాలి, ఎందుకంటే ఆ రోజంతటిలో అత్యుత్తమమైన ప్రశ్న ఆ తరువాతే వచ్చింది.

లంక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మైకు పట్టుకుని, “ఎనభై ఆరు వరదకి మా ఇంటి చూరు దాకా నీళ్ళొచ్చాయండి. మీరు తవ్వే గుంత కట్ట అంతకన్నా ఎత్తుంటుందా అండి?” అని అడిగారు. తవ్వకంలో పైకి వచ్చే రాతి తునకలను, వాడేసిన మడ్‌ను హెచ్.డి.పి.ఇ. అనే గట్టి ప్లాస్టిక్ షీటు పరిచిన గుంతలో నిలవ చేస్తారు. నివేదికలో ఆ గుంత చుట్టూ వేసే కట్ట ఎత్తును నేలమట్టం నుంచి చెప్పారే తప్ప వరద మట్టంతో పోల్చలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేసేది 17.75 లక్షల దగ్గరే. ఈ అంకెలు డెల్టాలో ప్రతివాడికీ నోటికి వచ్చినవే. వరద నీరు కట్ట పొర్లితే ఆ గుంతలో ఉన్నదంతా కాలువల్లోకి, చేపల చెరువుల్లోకి, తాగునీటి బోర్ల చుట్టూ ఉన్న నేలలోకి చేరుతుంది. షీటు ఎంత మందంగా ఉన్నా అది అడుగు నుంచి ఇంకడాన్నే ఆపుతుంది, పైనుంచి పొర్లడాన్ని ఆపలేదు. బావులు తవ్వే సంస్థ ప్రతినిధి కొంతసేపు తడబడి, కట్ట ఎత్తును 1986 మట్టంతో పోల్చి లెక్క మళ్ళీ ఇస్తామని మైకులోనే ఒప్పుకున్నారు. ఒక సభ నుంచి ఊరికి దక్కవలసినది సరిగ్గా ఇటువంటి మాటే.

రేడియోధార్మికత గురించి నేనే అడిగాను. దీనికి వచ్చిన జవాబు ఆ రోజు విన్న వాటిలో అన్నిటికంటే స్పష్టమైనది. బావి గోడల రాతిని పరీక్షించే లాగింగ్ పనికి సీజియం-137, అమెరీసియం-బెరీలియం సోర్సులను తెస్తారనీ, పని కాగానే తిరిగి తీసుకుపోతారనీ, దీనికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి అనీ, రేడియోధార్మికతను సూచించే మూడు రేకుల గుర్తు ఉన్న పసుపు పెట్టెను ఊరివారు ఎవరూ ముట్టకూడదనీ ఒక సాంకేతిక నిపుణుడు చక్కని తెలుగులో వివరించారు. పరికరం బావిలోనే ఇరుక్కుపోతే ఏం చేస్తారని అడిగితే, వెలికి తీయడానికి ప్రయత్నిస్తామనీ, సాధ్యం కాకపోతే సిమెంటుతో మూసి, అక్కడ ఎవరూ మళ్ళీ తవ్వకుండా హెచ్చరిక ఫలకం పెడతామనీ చెప్పారు. సీజియం సగం తగ్గడానికి 30 ఏళ్ళు, అమెరీసియం సగం తగ్గడానికి 432 ఏళ్ళు పడుతుంది కనుక ఆ ఫలకం ఎక్కడ ఉందో పంచాయతీ రికార్డుల్లోకి కూడా ఎక్కించాలని నేను కోరాను. దాన్ని రాసుకున్నారు.

ఇదే వరుసలో అడిగిన మరో ప్రశ్నకు జవాబు రాలేదు. భూగర్భం నుంచి చమురుతో పాటు వచ్చే ఉప్పునీటిలో రేడియం అనే సహజసిద్ధమైన రేడియోధార్మిక పదార్థం కొద్దిపాటిగా ఉండి, ఏళ్ళ తరబడి పైపుల లోపల పెచ్చులా పేరుకోవచ్చు. పాత పైపులు మన ప్రాంతంలో పశువుల పాకలకు గుంజలుగా, తోటలకు కంచెగా దిగుతాయి. అవి పాత ఇనుము కొట్టుకు చేరే ముందు ఎవరైనా కొలుస్తారా? 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారుకు కోబాల్టు-60 ఉన్న ఒక పరికరం చేరి ఒక మనిషి ప్రాణం పోయింది. రెండూ ఒకటి కావు. అక్కడ ఉన్నది చాలా శక్తిమంతమైన సోర్సు, ఇక్కడ నేను అడిగినది పలుచని పెచ్చు. అయినా కొలిచే పద్ధతి అనేది ఉండాలి కదా! నివేదికలో ఈ విషయమే లేదు.

చమురు మడ్డి వంటి ప్రమాదకర వ్యర్థాలు ఎక్కడికి వెళతాయన్న ప్రశ్నకు మొదట “అధీకృత సంస్థకు” అన్నారు. మళ్ళీ అడిగితే విశాఖ దగ్గరి పరవాడలోని ఉమ్మడి శుద్ధి, నిక్షేప కేంద్రానికి అన్నారు. 2016 నాటి నియమాల ప్రకారం అటువంటి వ్యర్థాలను పుట్టినచోట 90 రోజులకు మించి ఉంచకూడదు. ప్రతి లోడుకూ ఏడు రంగుల ప్రతులతో మానిఫెస్టు, అంటే సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూపే కాగితం, ఉండాలి. ఈ రెండు సంగతులనూ నిర్వాహకులే ముందుగా తెలుగులో చెప్పి ఉంటే, కాలువగట్టు మీద లారీ కనిపించినప్పుడు ఏ కాగితం అడగాలో ఊరివాడికి తెలిసి ఉండేది.

సాయంత్రం సారాంశం చదివే సమయానికి మూడు వంతుల కుర్చీలు ఖాళీ అయ్యాయి. లంకవారికి ఆఖరి పంటు సమయం అయిపోతోంది. చదివినదాంట్లో పెద్దావిడ ప్రశ్న “వరదల గురించి ఆందోళన వ్యక్తం చేశారు” అన్న ఒక్క ముక్కగా మారింది. ఆవిడ వ్యక్తం చేసినది ఆందోళన కాదు, ఒక కొలత అడిగారు. నేను లేచి ఆ మాట చెప్పిన తరువాత 1986 మట్టం అన్న పదాలు చేర్చారు.

ఐదు నక్షత్రాల లెక్కలో చెప్పమంటే ఈ సేవకు మూడు ఇస్తాను. అధ్యక్షుడి ఓర్పుకు, వీడియోకు, సాంకేతిక నిపుణుడి తెలుగుకు ఆ మూడూ. తెలుగు సారాంశానికి, చదివి వినిపించిన వేళకు మిగిలిన రెండూ తీసేశాను. మీ మండలంలో ఇటువంటి సభ ఉంటే ఇంగ్లీషు నివేదికలోని వ్యర్థాల అధ్యాయాన్ని డిగ్రీ చదివే పిల్లలెవరి చేతనైనా ముందుగా చదివించుకోండి. ప్రశ్నను కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. సారాంశం చదివేదాకా కనీసం ఊరికి ఇద్దరు ఆగండి.

కొన్ని వారాలకు ప్రజల అభ్యంతరాల పత్రాన్ని మండల కార్యాలయం గోడకు అంటించారు. కట్ట ఎత్తు, 1986 మట్టం అందులో ఉన్నాయి. పైపుల ప్రశ్న లేదు. దాన్ని మళ్ళీ రాతపూర్వకంగా పంపాను. అందినట్టు ముద్ర వేసిన నకలు నా దగ్గర ఉంది, జవాబు ఇంకా రాలేదు.