సాగర్‌నగర్‌లో మా షెఫ్లెరా కంచె, తొమ్మిదేళ్ల తర్వాత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. మర్నాడు పొద్దున చూస్తే మా కాంపౌండ్‌లో నిలబడి ఉన్నది ఒక్క కొబ్బరిచెట్టే. ప్రహరీ వెంట ఏళ్ల తరబడి పెంచిన మందారాల్లో సగం వేళ్లతో సహా లేచిపోయాయి. మిగిలినవాటి ఆకులు ఉప్పుకి మాడి, మంట తగిలినట్టు అయిపోయాయి. మళ్లీ అక్కడ ఏదైనా వేయడానికి రెండేళ్లు మనసు రాలేదు. 2016 జూలైలో వెరైగేటెడ్ షెఫ్లెరా, అంటే ఆకు రెండు రంగుల్లో ఉండే రకం, వేశాను. ఈ తొమ్మిదేళ్లలో అది నాకు ఏం నేర్పిందో రాస్తున్నాను. సముద్రం దగ్గర ఇల్లున్నవాళ్లు కంచెకి ఏ మొక్క వేయాలా అని అడుగుతుంటారు కాబట్టి ఇది వాళ్లకి.

మొక్క గురించి రెండు మాటలు. ఒక్కో కాడ చివర ఏడెనిమిది చిన్న ఆకులు చుట్టూ విచ్చుకుని గొడుగులా ఉంటాయి. అందుకే నర్సరీల్లో అంబ్రెల్లా ప్లాంట్ అని కూడా అంటారు. పుట్టిల్లు తైవాన్, చైనాలోని హైనాన్ దీవి. ఆకుపచ్చ మీద పసుపు చిలకరించినట్టుండే రకాన్ని గోల్డ్ కాపెల్లా అని, మీగడ రంగు ఎక్కువుండే దాన్ని ట్రినెట్ అని అమ్ముతారు. నా దగ్గర ఉన్నవి మొదటి రకం. ఏడాది పొడవునా ఆకు రాలదు. నవంబరు ముసురులో వీధంతా బూడిదరంగులో ఉన్నప్పుడు కూడా మా గోడ దగ్గర మాత్రం ఎండ పడుతున్నట్టు ఉంటుంది. ఆ ఒక్క దృశ్యం కోసమే ఈ మొక్కని మళ్లీ ఎంచుకుంటాను.

డ్యూరాంటా ఎందుకు వేయలేదని అందరూ అడిగారు. అదీ మంచిదే, చవక, త్వరగా నిండుతుంది. కానీ వానలు మొదలయ్యాయంటే రెండు వారాలకోసారి కత్తెర పట్టుకోవాలి. పక్కింటివాళ్లు ఫైకస్ వేశారు. దాని వేళ్లు వాళ్ల పార్కింగ్ టైల్స్‌ని లేపేశాయి. షెఫ్లెరాతో మా గోడకి గానీ డ్రైనేజీ పైపుకి గానీ ఇంతవరకు ఇబ్బంది రాలేదు.

కొనడంలోనే నేను మొదటి పొరపాటు చేశాను. నలభై అడుగుల గోడకి రెండడుగుల ఎడంతో ఇరవై మొక్కలు, ఊళ్లోనే ఒక నర్సరీలో తీసుకున్నాను. నాటిన రెండు నెలలకి చూస్తే ఆరు మొక్కలు కొత్త ఆకులన్నీ పూర్తి పచ్చగానే వేస్తున్నాయి. కింది ఆకుల మీదున్న పసుపు చూసి తెచ్చేశాను గానీ పై చిగురు గమనించలేదు. వెళ్లి అడిగితే ఎండ చాలక అలా వచ్చిందన్నారు. ఎండలో ఉన్నా ఆ ఆరూ మారలేదు. తర్వాత రాజమండ్రి పెళ్లికి వెళ్లినప్పుడు కడియం నర్సరీల్లో తిరిగి, ఒక్కోదాని చిగురు చూసుకుని ఆరు తెచ్చుకున్నాను. కాబట్టి కొనేటప్పుడు చివరి మూడు ఆకులు చూడండి. వాటిలో పసుపు ఉంటేనే తీసుకోండి.

ఇక అసలు సంగతి. ఈ మొక్క రెండు రంగుల్లో ఉండటానికి కారణం దాని కణజాలంలో ఒక పొరకి పత్రహరితం లేకపోవడం. పసుపుగా కనిపించే భాగం ఆహారం తయారు చేయలేదు. అందుకే ఇది మామూలు పచ్చ షెఫ్లెరా కంటే నిదానంగా పెరుగుతుంది. అప్పుడప్పుడు ఏదో ఒక గణుపు నుంచి పూర్తి పచ్చ కొమ్మ పుడుతుంది. ఆ కొమ్మకి ఆకంతా పనికొచ్చే ఆకే కాబట్టి దూసుకుపోతుంది, పక్క కొమ్మలకి వెలుతురు అందనివ్వదు.

2018లో మా అమ్మాయి కాన్పుకి నేను ఐదు నెలలు బెంగళూరులో ఉండిపోయాను. భీమిలి వైపు నుంచి వచ్చే మా మాలి మొక్కల్ని కన్నబిడ్డల్లా చూస్తాడు. తిరిగొచ్చేసరికి కంచెలో మూడోవంతు పచ్చబడిపోయింది. నేను ఆ కొమ్మలు కోయిస్తుంటే అతను నా చెయ్యి ఆపినంత పని చేశాడు. "అమ్మా, బలంగా వొస్తన్న కొమ్మలు ఇవే. రోగం తగిలినట్టు పసుపున్నవి ఉంచీసి మంచివి కోసెయ్యమంటన్నారేటమ్మా?" అన్నాడు. అతని కోణంలో అది న్యాయమైన మాట. జీవితమంతా పచ్చదనాన్ని పెంచిన మనిషి. పక్కపక్కన రెండు కొమ్మలు చూపించి, ఇది బలిస్తే అది చస్తుందని చెప్పాక ఒప్పుకున్నాడు. పచ్చ కొమ్మని పైపైన కత్తిరిస్తే లాభం లేదు. అది పుట్టిన గణుపు దాకా వెళ్లి, రంగున్న కొమ్మని ఆనుకుని మొదలంటా తీసేయాలి. ఆ కంచె మళ్లీ మునుపటి రూపానికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు నెలకోసారి, ఆదివారం కాఫీ గ్లాసుతో గోడ వెంట ఒక్క నడక చాలు, కనిపించిందల్లా చిన్నప్పుడే తీసేస్తాను. ఆ నడకకి ఓపిక లేనివాళ్లు ఈ మొక్క వేయొద్దు. మూడేళ్లలో మామూలు పచ్చ కంచె మిగులుతుంది.

దీనికి ఉల్టాగా పూర్తి పసుపు కొమ్మలూ వస్తాయి. ఎంత అందంగా ఉంటాయో! ఆ రంగు మీద ఆశతో మూడుసార్లు ఆ కొమ్మలు కోసి మట్టిలో గుచ్చి చూశాను, ఒక్కటీ బతకలేదు. పత్రహరితం అసలే లేని కొమ్మ తల్లి మొక్క మీద ఉన్నంతకాలమే ఉంటుంది. పసుపూ పచ్చా కలిసిన కొమ్మలైతే జూలై, ఆగస్టుల్లో జానెడు పొడవున కోసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే నెలా నెలన్నరలో వేళ్లు పడతాయి. కంచెలో ఖాళీ వచ్చిన ప్రతిచోటా అలాగే నింపుకున్నాను.

ఉప్పుగాలి సంగతి. మా ఇల్లు బీచ్‌రోడ్డుకి నాలుగు వీధులు లోపల. ఆకు తోలులా మందంగా ఉంటుంది కాబట్టి మామూలు రోజుల్లో గాలిని బాగానే తట్టుకుంటుంది. వాయుగుండం పట్టి రెండు రోజులు గాలి కొడితే మాత్రం తూర్పు వైపు ఆకుల అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. గాలి తగ్గిన రోజే మంచినీళ్ల పైపుతో కంచె మొత్తం కడిగితే ఆ నష్టం సగానికి సగం తగ్గుతోంది. సముద్రానికి నేరుగా ఎదురుగా, మధ్యలో ఏ అడ్డూ లేని ఇంటికి నేను దీన్ని చెప్పను.

కత్తిరింపు ఏడాదికి మూడుసార్లు. ఫిబ్రవరి ఆఖర్లో, తొలకరికి, మళ్లీ సెప్టెంబరులో. సెప్టెంబరు కోత తప్పనిసరి, ఎందుకంటే తుపాన్ల కాలానికి కంచె తల బరువు తగ్గాలి. పొడవు బ్లేడ్ల కత్తెరతో గీతలా కొట్టిస్తే ఆకులు సగానికి తెగి, తెగిన అంచులన్నీ ఎండి వికారంగా ఉంటాయి. చిన్న కత్తెరతో కొమ్మకి కొమ్మ తీయాలి. నాలుగడుగుల ఎత్తులో ఉంచడానికి మాకు ఒక పూట పడుతుంది. చేతులకి గ్లవ్స్ వేసుకోండి, కోసిన కొమ్మ రసం తగిలితే కొందరికి దురద వస్తుంది.

పురుగుల విషయంలో టెన్షన్ పడాల్సింది మే, జూన్ నెలల్లోనే. పిండినల్లి, కాడల మీద అంటుకుని ఉండే పొలుసు పురుగు. ముందు చీమల బారు కనిపిస్తుంది, తర్వాత ఆకుల మీద జిగురు, దాని మీద నల్లటి మసి. చీమలు కనిపించిన రోజే కాడలు వెతికితే పని తేలిక. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట కొడతాను, వారానికోసారి మూడు వారాలు. ఒక ఏడాది ఎరువు ఎక్కువ వేశాను, చిగుళ్లు మెత్తగా వచ్చి నల్లికి విందైపోయింది. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు వర్మికంపోస్ట్, అంతే.

కుండీల్లో ఆరు పెట్టాను, ఐదు ఉన్నాయి. పోయినదానికి కారణం కింద పెట్టిన ప్లేటు. వానాకాలంలో అందులో నీళ్లు నిలిచి, ఆకులు పసుపై, కాడ మొదలు నల్లబడి కుళ్లిపోయింది. పైమట్టి రెండంగుళాల లోతు ఆరాకే నీళ్లు పోయాలి. మా బోరు నీళ్లు ఎండాకాలంలో ఉప్పనవుతాయి. కుండీ అంచున తెల్లగా పేరుకుంటే ఉప్పు చేరినట్టే. తొలి వానలకి కుండీలన్నీ ఆరుబయట పెట్టి బాగా తడవనిస్తాను. పోర్టికో లోపలి నీడలో పెట్టిన కుండీ ఆరు నెలల్లో రంగు తగ్గి, కాడలు సాగి వెలుతురు వైపు వంగింది. పొద్దుటెండ తగిలే మెట్ల పక్కకి మార్చాక కొత్త ఆకులు మళ్లీ పసుపుతో వచ్చాయి. పడమటి గోడ దగ్గర మే ఎండకి మాత్రం పసుపు భాగాలు కాలిపోతాయి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు కుండీలన్నీ గోడ వారగా పడుకోబెట్టేస్తాం.

చిన్నపిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆకులో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు మండి, చొంగ కారుతుంది. మా మనవడు పాకే వయసులో కుండీలన్నీ డాబా ఎక్కించేశాం. కంచె గోడ అవతల ఉంది కాబట్టి దాన్ని కదపలేదు.

రెండడుగుల ఎడంతో కంచె నిండడానికి మాకు రెండున్నరేళ్లు పట్టింది. ఈసారి అడుగున్నరకి ఒకటి వేస్తున్నాను. ఉత్తరం వైపు పన్నెండడుగులు ఖాళీగా ఉంది. దానికి కావలసిన ఎనిమిది అంట్లూ మాలి వేళ్లు పట్టించి, పచ్చ చిగురు కనిపిస్తే నాకంటే ముందే తీసేస్తున్నాడు.