విశాఖలో గాలం కర్ర సర్వీసు: పని నచ్చింది, తొందర నచ్చలేదు

సముద్రపు ఒడ్డున రాళ్లపై నిలబడి గాలం వేసి వచ్చిన ప్రతిసారీ కర్రను మంచినీటితో కడుగుతున్నప్పటికీ, దారం సాగే రింగులను కర్రకు బిగించే పాదాల దగ్గర తుప్పు మరకలు కనిపించడంతో, విశాఖలోని ఒక చిన్న మరమ్మతు దుకాణానికి దానిని ఇచ్చాను. అక్కడి పనివాడు, గట్టి నీటి ధార ఉప్పును సందుల్లోకి నెడుతుందని చెప్పి, గోరువెచ్చని సబ్బునీటిలో ముంచిన పాత పళ్ల బ్రష్షుతో ఒక్కొక్క రింగునూ ఓపికగా రుద్దాడు. ఆ తరువాత రింగు లోపల దూదిని తిప్పి, దూది పోగు చిక్కుకున్న చోట లోపలి పింగాణీ అంచు చిట్లిందని చూపించాడు. ఈ మధ్య నా దారం పదేపదే ఎందుకు తెగుతున్నదో అప్పుడు గాని అర్థం కాలేదు. రింగు మార్పు చక్కగా కుదిరింది. అయితే కార్కు పిడి ఇంకా తడిగా ఉండగానే కర్రను గుడ్డ సంచిలో పెట్టి ఇవ్వడం మాత్రం ఒప్పుకోదగినది కాదు. బూజు పట్టకుండా ఇంటి దగ్గర నీడలో మళ్లీ ఆరబెట్టుకోవలసి వచ్చింది.