ఒక కోచింగు, రెండు జతల బూట్లు, ఒక తప్పుల పుస్తకం

2018 నవంబరులో కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటిసారి దరఖాస్తు పెట్టాను. ఎంపిక జాబితాలో నా నంబరు కనిపించింది 2025 ఆగస్టులో. ఈ ఏడేళ్లలో ఆ ఉద్యోగం పేరు చెప్పి నేను కొన్నవి, అద్దెకు తీసుకున్నవి, అరువు తెచ్చుకున్నవి ఒక అటక నిండా ఉన్నాయి. ఫోను కొన్న వారానికే దాని మీద అభిప్రాయం రాసేవాళ్లున్నారు. నేను వీటిని అరిగిపోయేదాకా వాడాను కాబట్టి నా మాటకూ కాస్త విలువ ఉంటుందని అనుకుంటున్నాను.

ముందుగా మా బ్యాచ్ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను దేనికి ఎందుకు మార్కులు తగ్గించానో అర్థం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరు 28న నోటిఫికేషన్ వచ్చింది. కానిస్టేబుల్ పోస్టులు 6,100. అందులో సివిల్ (పోలీస్ స్టేషన్లలో పనిచేసేవాళ్లు) 3,580, ఏపీఎస్పీ (స్పెషల్ పోలీస్ బెటాలియన్లవాళ్లు) 2,520. ప్రిలిమ్స్, అంటే మొదటి రాత పరీక్ష, 2023 జనవరి 22న రాశాం. 95 వేల మందికి పైగా గట్టెక్కాం. మార్చిలో ఈవెంట్స్ (పరుగు, లాంగ్‌జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు) అన్నారు. ఎమ్మెల్సీ ఎన్నికలొచ్చి వాయిదా పడ్డాయి. తరువాత కోర్టు కేసులు. ప్రభుత్వం కూడా మారింది. చివరికి ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబరు 30న. మెయిన్స్, అంటే ఫైనల్ రాత పరీక్ష, 2025 జూన్ 1న. అంటే మార్చిలో పరిగెత్తడానికి సిద్ధమైన కాళ్లను దాదాపు రెండేళ్లు అలాగే నిలబెట్టుకోవాల్సి వచ్చింది. అందుకే ఏ వస్తువునైనా, ఏ పద్ధతినైనా నేను ఒకే ప్రశ్నతో తూచాను: తేదీ తెలియని పరీక్షకు ఇది ఎన్నాళ్లు పనికొస్తుంది?

ఆ లెక్కన కోచింగుకు పదికి నాలుగు.

ఫీజు 18 వేలు కట్టాను. హాలులో రెండు వందల మందిమి. లెక్కల మాస్టారు మాత్రం నిజంగా గొప్పవారు. శాతాలు, నిష్పత్తులు, కాలం-పని ఈ మూడూ గట్టిగా వస్తే మిగతా అరిథ్‌మెటిక్ సగం వచ్చినట్టేనని, మొదటి నెలంతా వాటి మీదే కూర్చోబెట్టారు. ధర 20 శాతం పెరిగి, మళ్లీ 20 శాతం తగ్గితే ఏమీ మారదని హాలు మొత్తం ఒకే గొంతుతో చెప్పాం. ఆయన బోర్డు మీద వంద రాసి, నూట ఇరవై చేసి, తొంభై ఆరు దగ్గర ఆపి, మా వైపు తిరిగి ఏమీ అనకుండా నిలబడ్డారు. ఆ బిట్టు నాకు ఇక ఎప్పుడూ తప్పు పోలేదు. ఆదివారం పరీక్షలు కూడా బాగుండేవి. కానీ ఈవెంట్స్ వాయిదా పడిన రెండో నెలలోనే తరగతులు ఆగిపోయాయి. మిగిలిన సిలబస్ సంగతి అడిగితే మెటీరియల్ ఇచ్చాం కదా అన్నారు. ఆ మెటీరియల్ తిరగేస్తే, స్కూలు పాఠ్యపుస్తకాల్లోని పేరాలు అచ్చుతప్పులతో సహా కనిపించాయి. ఆరు నుంచి పది వరకు సాంఘికశాస్త్రం, సామాన్యశాస్త్రం పుస్తకాలు, పైన తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు ఉంటే ఆ కట్ట అక్కర్లేదు. నా సలహా అడిగితే, లెక్కలు, రీజనింగు రానివాళ్లు ఆ రెండింటికే ఎక్కడైనా చేరండి. చరిత్ర, భూగోళం చెప్పించుకోవడానికి డబ్బు కట్టకండి.

ఇక పరుగు. మా ఊరి పక్కనుంచి సాగర్ కుడి కాలువ పోతుంది. దాని కట్టే మా మైదానం. పక్క ఊళ్లో ఉండే సైన్యం నుంచి రిటైరైన ఒకాయన తెల్లవారుజామున అక్కడికి వచ్చి మా బోటివాళ్లను ఉచితంగా పరిగెత్తించేవారు. అందరం బాబాయ్ అనేవాళ్లం. మొదటి రోజు 1600 మీటర్లకు నాకు 9 నిమిషాల 50 సెకన్లు పట్టింది. చివరి రెండు వందల మీటర్లు నడిచానని కూడా ఒప్పుకోవాలి. మగవాళ్లకు మాకు పెట్టిన గడువు 8 నిమిషాలు. అంటే నాలుగు వందల మీటర్ల ట్రాకు మీద రౌండుకు రెండు నిమిషాలు. కాగితం మీద చూస్తే చాలా తేలిక. ఊడిపోయేవాళ్లంతా ఊడిపోయేది ఆ తేలికను నమ్మే. మొదటి రౌండు మందితో పోటీపడి నిమిషం ఇరవైలో తిరిగి, మూడో రౌండులో నడుము పట్టుకుని ఆగిపోయేవాళ్లను ఎందరినో చూశాను. నేనూ అలాగే ఉరికితే బాబాయ్ ఒక మాటన్నారు: "మొదటి రౌండులో ముందున్నవాడికి ఉద్యోగం ఇస్తామని నోటిఫికేషన్‌లో ఎక్కడైనా రాశారా, అబ్బాయ్?"

ఆయన దగ్గర నేర్చుకున్నది వేగం కాదు, లెక్క. చేతికి రెండు వందల రూపాయల స్టాప్‌వాచ్ కట్టుకుని ప్రతి రౌండూ 1:45 దాటకుండా, 1:40కి తగ్గకుండా తిరగడం నాలుగు నెలల్లో అలవాటైంది. ఆ స్టాప్‌వాచ్‌కు పదికి తొమ్మిది. ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే వానలో రెండుసార్లు ఆగిపోయింది.

ఇక్కడే ఒక విషయం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే నా స్నేహితుల్లో కనీసం ఇద్దరు దీని దగ్గరే దెబ్బతిన్నారు. సివిల్ కానిస్టేబుల్‌కు ఈవెంట్స్ అర్హతకే. ఏడు నిమిషాల యాభై సెకన్లకు వచ్చినా, అయిదున్నర నిమిషాలకు వచ్చినా ఒకటే. మెరిట్ మొత్తం 200 మార్కుల రాత పరీక్షదే. ఏపీఎస్పీకి అలా కాదు. అక్కడ రాతకు 100, ఈవెంట్స్‌కు 100. పరుగులో సమయం తగ్గినకొద్దీ, లాంగ్‌జంప్‌లో దూరం పెరిగినకొద్దీ మార్కులు పెరుగుతాయి. సివిల్ మీదే ఆశ పెట్టుకున్న నా స్నేహితుడొకడు పొద్దునా సాయంత్రం గ్రౌండులోనే ఉండి 1600 మీటర్లను అయిదు నిమిషాల నలభైకి తెచ్చాడు. మేమందరం చప్పట్లు కొట్టాం. రాత పరీక్షలో రీజనింగు బిట్లు వదిలేసి వచ్చాడు. మీరు దేనికి పోతున్నారో ముందు తేల్చుకుని, దాన్ని బట్టి గంటలు పంచుకోండి. సివిల్‌కైతే గడువు కన్నా నలభై అయిదు సెకన్లు ముందు రాగలిగితే చాలు. మిగిలిన సమయం కుర్చీకి ఇవ్వండి.

సివిల్‌కు 1600 మీటర్లు తప్పనిసరి. 100 మీటర్లు 15 సెకన్లలో గానీ, 3.80 మీటర్ల లాంగ్‌జంప్ గానీ, రెండింటిలో ఒకటి దాటితే సరిపోతుంది. ఆడపిల్లలకు 1600 మీటర్లకు పదిన్నర నిమిషాలు, 100 మీటర్లకు 18 సెకన్లు, లాంగ్‌జంప్ 2.75 మీటర్లు. హైదరాబాద్‌లో ఉన్న మా బావ 2022లో తెలంగాణ నోటిఫికేషన్‌కు వెళ్లాడు. వాళ్లకు అదే 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, పైగా షాట్‌పుట్. ఆయన చెప్పిన చిట్కాలు నాకు, నావి ఆయనకు ఎక్కువ పనికి రాలేదు. పక్క రాష్ట్రం వీడియోలు చూసి సాధన చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

బూట్ల సంగతి. మొదటి జత 600 రూపాయలది, సంతలో కొన్నాను. అడుగు పలకలాగా ఉండేది. ఆ తొందరలో కాలువ కట్ట వదిలి సిమెంటు రోడ్డు మీద వారానికి ఏడు రోజులూ పరిగెత్తాను. నెల తిరగకుండా మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి. మెట్లు దిగలేకపోయాను. అయిదు వారాలు పూర్తిగా పోయాయి. రెండో జతకు 2,800 పెట్టాల్సి వచ్చింది. ఎరువుల కొట్టులో లెక్కలు రాసి సంపాదించిన డబ్బు కాబట్టి ప్రాణం ఉసూరుమంది. కానీ ఆ జత ఏడాదిన్నర ఆడింది. నొప్పి తగ్గడానికి బూట్లు ఎంత కారణమో, మట్టి మీదకు మారి వారానికి రెండు రోజులు సెలవు ఇవ్వడం అంతకన్నా పెద్ద కారణమని నా అనుమానం.

ఎత్తు, ఛాతీ గురించి రెండు మాటలు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, ఛాతీ 86.3, గాలి పీలిస్తే మరో అయిదు సెంటీమీటర్లు పెరగాలి. నా ఎత్తు 168 చిల్లర. పొద్దున కొలిస్తే ఉన్న ఎత్తు సాయంత్రానికి కొంచెం తగ్గుతుంది. అది అందరికీ అంతే. అంచు మీద ఉన్నవాళ్లు కంగారుపడేది అందుకే. ఎత్తు పెంచుతామంటూ అమ్మే పొడులకు పదికి సున్నా. ఇరవై మూడేళ్ల మా స్నేహితుడు మూడు డబ్బాలు తిన్నాడు. పెరిగింది పొట్ట. ఛాతీకి మాత్రం సాధన పనిచేస్తుంది. దర్జీ టేపు పెట్టుకుని, చొక్కా విప్పి, రోజూ ఊపిరి నింపి నిలపడం అభ్యాసం చేస్తే మూడున్నర దగ్గర ఆగేవాడిని నెలన్నరకు అయిదున్నర దాటాను.

ఇంత చెప్పాక, నాకు ఉద్యోగం తెచ్చిపెట్టిన వస్తువు ఏదంటే నలభై రూపాయల పొడుగు నోటుబుక్కు. 2019లో నేను ఫైనల్ పరీక్ష దాకా వెళ్లి నాలుగు మార్కులకు పోయాను. ఏడాది కరెంట్ అఫైర్స్ పుస్తకాలు మూడు చదివి, లెక్కల్ని దేవుడికి వదిలేసిన ఫలితం అది. రెండోసారి పాత ప్రశ్నపత్రాలే ముందు పెట్టుకున్నాను. 2016, 2019, తరువాత 2023. ఒక్కో పత్రాన్ని గడియారం పెట్టుకుని మూడుసార్లు చేశాను. మూడు గంటల్లో రెండు వందల బిట్లంటే బిట్టుకు 54 సెకన్లు. ఓఎంఆర్ షీటు దిద్దడం కూడా అందులోనే. ఇంట్లో కాగితం మీద ఏ, బీ అని రాసుకుని మురిసిపోతే లాభం లేదు. నకలు షీటు తెచ్చుకుని వృత్తాలు నింపుతూ చేస్తేనే అసలు వేగం బయటపడుతుంది. నాకు ఒక్క నింపడానికే పన్నెండు నిమిషాలు పోయేది.

తప్పు పోయిన ప్రతి బిట్టునూ నోటుబుక్కులో ఎక్కించి, పక్కన ఒక అక్షరం వేసేవాడిని. తెలియక పోతే 'తె'. తెలిసీ తొందరలో పోతే 'తొ'. ప్రశ్న సరిగా చదవక పోతే 'చ'. ఆరు నెలల తరువాత ఒక ఆదివారం కూర్చుని లెక్కపెట్టాను. నా అంచనాలో 'తె'లే నిండి ఉండాలి. మూడో వంతుకు పైగా 'చ'లు! "కింది వాటిలో సరికానిది ఏది" అన్నదాన్ని "సరైనది" అని చదువుకుని, మొదటి సరైన వాక్యం కనిపించగానే గుర్తు పెట్టేసి వెళ్లిపోతున్నాను. రిట్లు జారీ చేసే అధికారం రాజ్యాంగంలో అధికరణ 32 కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు అని నిద్రలో లేపినా చెప్పేవాడిని, అయినా ఆ బిట్టు రెండుసార్లు పోయింది. అంటే నాకు కావలసింది ఇంకో పుస్తకం కాదు. ఆ రోజు నుంచి 'కాని', 'లేని', 'తప్ప' అన్న మాటల కింద పెన్నుతో గీత గీయకుండా జవాబు జోలికి పోలేదు. తరువాతి పరీక్షలో పదకొండు మార్కులు పెరిగాయి, కొత్తగా ఒక్క ముక్క చదవకుండా. నోటుబుక్కుకు పదికి పది. మీకు మీ 'చ'లు ఉంటాయో 'తొ'లు ఉంటాయో నాకు తెలియదు కాబట్టి నా నోటుబుక్కు ఫోటోలు అడగకండి.

కాగితాల దగ్గర కూడా చాలామంది జారారు. స్థానికత కోసం నాలుగు నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులధ్రువీకరణ, బీసీలకు క్రీమీలేయర్‌లో లేమన్న పత్రం ఇవన్నీ ఈవెంట్స్ పిలుపు వచ్చాక వెతుక్కుంటే నరకం. నేను రెండు బడుల్లో చదివాను. ఒకదాంట్లో మా నాన్న పేరు ఒక అక్షరం తేడాతో ఉంది. సరిచేయించుకోవడానికి మూడు వారాలు తిరిగాను. వాయిదాల రెండేళ్లలో నాకు మేలు చేసిన పనుల్లో ఇదొకటి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. మా ఊరి తగాదాలో పేరెక్కి, తరువాత కొట్టేసిన కేసు ఒకటి ఉన్న కుర్రాడు రాయాలా వద్దా అని నెలరోజులు నలిగిపోయాడు. రాయమనే చెప్పాను. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని గురించే వివరంగా చెప్పింది. నిజం చెప్పినా ఆ కేసు స్వభావాన్ని బట్టి ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది శాఖ చూసుకుంటుంది. దాచిపెట్టి దొరికితే మాత్రం ఆ దాచడమే ఒక కారణమై కూర్చుంటుంది.

ఈవెంట్స్ రోజు గుంటూరు గ్రౌండులో కాలికి సమయం లెక్కపెట్టే చిప్ కట్టి నిలబెట్టినప్పుడు చలికో భయానికో పళ్లు టకటకలాడాయి. విజిల్ పడగానే అందరూ బాణాల్లా పోయారు. నేను చివరి నుంచి నాలుగోవాడిని. చిప్ ఉంది కదా అని చేతి గడియారం కట్టుకోలేదు కానీ, రెండేళ్లు కాలువ గట్టున లెక్కపెట్టిన అడుగులు కాళ్లలోనే ఉన్నాయి. మూడో రౌండులో ఒక్కొక్కరినే దాటుకుంటూ 7 నిమిషాల 2 సెకన్లకు వచ్చాను.

రెండో జత బూట్లు అడుగు అరిగినా పైభాగం ఇంకా గట్టిగానే ఉంది. శిక్షణకు వెళ్లేటప్పుడు పారేద్దామని గుమ్మం బయట పెట్టాను. మర్నాడు మా నాన్న అవి వేసుకుని మిరప తోటకు బయలుదేరారు. సైజు ఒకటి ఎక్కువట, ముందు గుడ్డ కుక్కుకున్నారు.