కాళ్ళు తొక్కేవాళ్ళు లేక కొన్న మిషన్, ఆరు నెలల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, నేను ఈ లెగ్ మసాజర్ కాళ్ళ నొప్పులకి కొనలేదు. నొప్పి అయితే ఎక్కడో వేలు పెట్టి చూపించొచ్చు. నాది అలా కాదు, రాత్రి తొమ్మిదిన్నర దాటాక పిక్కల లోపల, ఎముకకి ఆనుకుని ఎక్కడో, గుంజినట్టూ పురుగు పాకినట్టూ ఉండి, కాలు కదపకపోతే పిచ్చెక్కిపోతుందేమో అనిపించే బాధ. కదిపితే పోతుంది. ఆపితే వస్తుంది. లేచి హాల్లో నాలుగు చుట్లు తిరిగితే ఏమీ లేనట్టే ఉంటుంది, మళ్ళీ పడుకున్న రెండు నిమిషాలకి మొదలు. దీనికి రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అని ఒక పేరుందని నాకు నలభై మూడేళ్ళు వచ్చాక తెలిసింది. అంతకుముందు పుట్టింట్లో దీని పేరు నరాల బలహీనత, అత్తగారింట్లో కాళ్ళు ఊపే దరిద్రపు అలవాటు. కాళ్ళు ఊపితే ఇంట్లో లక్ష్మి నిలవదని మా అత్తయ్య ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

ఇక మిషన్ సంగతి. గాలితో నొక్కే లెగ్ మసాజర్, ఆన్‌లైన్‌లో ఆఫర్ పోను 5,800 పడింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఇలాంటివే పది పేర్లతో అమ్ముతున్నారు, ఫొటోలు చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. రెండు తొడుగులు ఉంటాయి, పాదం నుంచి మోకాలి కింద దాకా చుట్టి వెల్‌క్రో అంటించుకోవాలి. స్విచ్ వేస్తే లోపలి సంచుల్లోకి గాలి నిండి పాదం, చీలమండ, పిక్క వరసగా బిగుసుకుంటాయి, బీపీ చూసేటప్పుడు చేతికి కట్టే పట్టీ బిగుసుకుంటుంది చూడండి, అచ్చం అలాగే. తర్వాత వదిలేస్తుంది. బిగింపు మూడు రకాలు, నేను రెండో దాంట్లోనే ఉంచుతా, మూడోది పెడితే పాదం మొద్దుబారుతోంది. ఇరవై నిమిషాలకి దానంతటదే ఆగిపోతుంది.

మొదటి పది రోజులూ డబ్బులు దండగ అని తిట్టుకున్నా. ఎందుకంటే నేను కాళ్ళు గుంజడం మొదలయ్యాక, పదకొండింటికి, ఏడుపు మొహంతో లేచి చుట్టుకునేదాన్ని. అది నడిచినంతసేపు బాగుండేది, ఆగిన అయిదు నిమిషాలకి కథ మొదటికి. రిటర్న్ పెడదామనుకున్నా కూడా. అప్పుడు మా న్యూరాలజిస్టు, అదే నరాల డాక్టరు, అన్న మాట పనిచేసింది: గుంజడం మొదలవకముందే పెట్టుకో అని. 2009లో అమెరికాలో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి డాక్టర్లు ముప్పై అయిదు మంది మీద ఇలాంటి గాలి మిషన్ పెట్టి ఒక పరీక్ష చేశారు. కొంతమందికి నిజం మిషను, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మిషను. రోజూ బాధ మొదలయ్యే వేళకి ముందే కనీసం గంటసేపు పెట్టుకోవాలి, అదీ పద్ధతి. నిజం మిషన్ వాడినవాళ్ళలో మూడోవంతు మందికి బాధ పూర్తిగా పోయింది, ఉత్తుత్తి దానితో ఒక్కరికీ పోలేదు. చిన్న పరీక్షే, వాళ్ళ మిషన్ ఆసుపత్రిలో వాడే రకం, నాది ఆఫర్‌లో కొన్నది, ఆ తేడా నాకు తెలుసు. అయినా సరే అని ఎనిమిదింటికి మొదలుపెట్టి, కూరగాయలు తరుక్కుంటూనో టీవీ చూస్తూనో, ఆగినప్పుడల్లా మళ్ళీ నొక్కుతూ మూడు విడతలు పెట్టుకున్నా. వారంలో అయిదు రోజులు లేచి తిరిగేదాన్ని, రెండు రోజులకి తగ్గింది. పూర్తిగా పోలేదు. కానీ వారంలో అయిదు రాత్రులు నిద్ర పట్టడం అంటే ఏంటో ఈ జబ్బున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇందులో నాకు వింతగా అనిపించిన విషయం ఒకటుంది. తెనాలిలో మా అమ్మ రాత్రిళ్ళు పాత చీర చింపిన గుడ్డతో పిక్కలు గట్టిగా కట్టుకుని పడుకునేది. అప్పటికీ తగ్గకపోతే నన్ను లేపి తొక్కమనేది, గోడ పట్టుకుని మడమల నుంచి తొడల దాకా తొక్కుతూ వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి, నేను నిద్రమత్తులో పడబోతే తిట్టేది, మర్నాడు పావలా ఇచ్చేది. ఈ జబ్బు చాలామందికి వంశంలోనే వస్తుందట. అంటే అమ్మదీ ఇదే అయ్యుంటుంది. ఆవిడ ముప్పై ఏళ్ళు పేరు తెలియకుండానే బిగించి కట్టడం, నొక్కించుకోవడం చేసింది, నేను అదే పని 5,800 పెట్టి కరెంటుతో చేయించుకుంటున్నా. మా పిల్లల్ని తొక్కమంటే హోంవర్క్ ఉందంటారు.

మందులు ఎందుకు వేసుకోవు అని అడుగుతారేమో. డోపమిన్ (మెదడులో నరాల మధ్య కబురు మోసే రసాయనం) మీద పనిచేసే మందులు ఉన్నాయి, మొదట్లో బాగా పనిచేస్తాయి కూడా, కానీ ఏళ్ళ తరబడి వాడితే కొందరికి బాధ ఎదురు తిరుగుతుందని, రాత్రి వచ్చేది సాయంత్రమే మొదలవుతుందని, చేతులకి కూడా పాకుతుందని డాక్టరే చెప్పారు. ముందు మందుల్లేకుండా చూద్దాం, తట్టుకోలేకపోతే రా అన్నారు. వెంటనే చీటీ రాసి చేతిలో పెట్టకుండా అలా చెప్పినందుకు ఆయనకి దణ్ణం.

ఆయనే ఫెర్రిటిన్ పరీక్ష రాశారు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంత ఉందో చెప్పే పరీక్ష. మిషన్ కొనేముందే చేయించుకోవాల్సింది ఇది. నా హిమోగ్లోబిన్ 12.3, అందరూ బాగుంది అన్నారు. ఫెర్రిటిన్ 17. ల్యాబ్ కాగితం మీద అది కూడా నార్మల్‌లోనే ఉన్నట్టు ఉంది, పక్కన గుర్తు కూడా లేదు. కానీ ఈ జబ్బున్నవాళ్ళకి 75 కంటే తక్కువుంటే ఇనుము ఇవ్వాలని డాక్టర్ల లెక్క, మెదడులో డోపమిన్ సరిగ్గా పనిచేయడానికి ఇనుము కావాలట. రెండో కాన్పులో ఇదే బాధ వచ్చి పురుడయ్యాక పోవడం, నలభై దాటి నెలసరి ఎక్కువయ్యాక మళ్ళీ రావడం, అన్నీ అప్పుడు ఒక దారంలోకి వచ్చాయి. రోజు విడిచి రోజు ఐరన్ మాత్ర వేసుకుంటున్నా, నిమ్మరసంతో. మాత్రకి అటూ ఇటూ కాఫీ, టీ లేవు, అవి ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. మందుల్లేకుండా అని చెప్పి మాత్ర వేసుకుంటున్నావుగా అని మా ఆయన ఎగతాళి, సరే, ఒప్పుకుంటా. కాబట్టి ఈ రివ్యూ చదివేటప్పుడు నా నిద్రలో మిషన్ వాటా ఎంత, ఇనుము వాటా ఎంత అని మాత్రం అడగొద్దు. మొదటి నెల మిషన్ ఒక్కటే ఉంది, అప్పుడే లేచి తిరిగే అయిదు రాత్రులు రెండయ్యాయి. ఇప్పుడు రెండు వారాలకి ఒకసారి వస్తోంది. ఎవరూ పరీక్ష లేకుండా ఐరన్ మింగకండి, ఎక్కువైనా ప్రమాదమే.

ఒక బస్సు కథ చెప్పాలి. హైదరాబాద్ నుంచి తెనాలికి రాత్రి బస్సెక్కితే నాకు నరకం, ముందు సీటుకి మోకాళ్ళు తగులుతూ కాళ్ళు చాపుకునే చోటుండదు, డ్రైవర్ ఎప్పుడు ఆపుతాడా అని చూస్తూ కూర్చునేదాన్ని. ఇన్నేళ్ళూ ఇరుకు సీటు వల్లే అనుకున్నా. తీరా చూస్తే బస్సెక్కేముందు వాంతులు రాకుండా వేసుకునే మాత్రలో ప్రోమెథజీన్ అనే మందు ఉంది. జలుబుకీ దురదకీ వాడే మత్తొచ్చే మాత్రలు చాలా వరకు, కొన్ని వాంతుల మాత్రలు, ఈ జబ్బుని పెంచుతాయట. నేను చేజేతులా తెచ్చుకున్నదే! ఇప్పుడు మాత్ర మానేసి పగటి రైలెక్కి, కారిడార్లో తిరుగుతూ వెళ్తున్నా.

మిషన్ లోపాలు చాలానే ఉన్నాయి. పంపు చప్పుడు పాత ఫ్రిజ్‌లా గుర్రుమంటుంది, పక్కన మనిషి పడుకోలేడు. ఎండాకాలంలో తొడుగుల్లో కాళ్ళు చెమటలు కక్కుతాయి, పలచటి మేజోళ్ళు వేసుకోవాలి. వెల్‌క్రో చీర అంచుని పట్టుకుని దారాలు లాగేస్తుంది, నా మంగళగిరి చీర ఒకటి అలాగే పోయింది. మూడో నెలలో ఎడమ తొడుక్కి గాలి గొట్టం ఊడిపోయింది, వారంటీ ఉన్నా కొత్తది రావడానికి మూడు వారాలు, ఫోన్ చేసినప్పుడల్లా రెండు రోజుల్లో వస్తుందండీ అనడమే. ఆ మూడు వారాలూ బకెట్లో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకోవడం, గోడకి చేతులానించి పిక్కలు సాగదీయడం చేశా, నిజం చెప్పాలంటే మిషన్‌లో సగం ఫలితం వాటితోనే వచ్చింది. డబ్బులు పెట్టలేనివాళ్ళు అక్కడ మొదలెట్టండి, సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ మానేయండి.

డబ్బా మీద వెరికోస్ వెయిన్స్, షుగర్ తిమ్మిర్లు, వాపులు అన్నీ తగ్గుతాయని రాశాడు. నమ్మకండి. కాళ్ళలో రక్తం గడ్డకట్టినవాళ్ళు, గుండె బలహీనంగా ఉండి కాళ్ళు వాచేవాళ్ళు, షుగర్ వల్ల స్పర్శ తెలియనివాళ్ళు డాక్టర్ని అడగకుండా దీన్ని కట్టుకోవద్దు.

అయిదుకి మూడున్నర ఇస్తా. అరమార్కు వారంటీ వాళ్ళ వల్ల పోయింది, ఒకటి చప్పుడు వల్ల. పోయిన నెల అమ్మకి చూపిద్దామని తెనాలి తీసుకెళ్ళా, గంటసేపు పెట్టించుకుని బాగానే ఉందే అంది, రాత్రి చూస్తే మళ్ళీ గుడ్డ కట్టుకుని పడుకుంది. కొనేవాళ్ళు ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా తీసుకోండి, వైరు మరీ పొట్టి, మంచం దాకా రాదు.