కొడగు కత్తా, కాండీ కత్తా?

గుంటూరు కొత్తపేటలో తాతయ్య ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత గుడ్డలో చుట్టిన కత్తి బయటపడింది. ఒరతో కలిపి మూరెడు కూడా లేదు. తోమేద్దామని అమ్మ అప్పటికే చింతపండు నానబెట్టింది. ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

వెడల్పాటి అలుగు, ఒకవైపే పదును చూసి మొదట కర్ణాటకలోని కొడగు (కూర్గ్) వాళ్ల పీచెకత్తి అనుకున్నాను. నడుముపట్టీలో ముందువైపు దోపుకునేది. కానీ దాని పిడి కొసన చాలాసార్లు చిలక తల ఆకారం, ఒరకు గొలుసులు, వాటికి చెవిలో గుబిలి తీసే పుల్లలాంటి బుల్లి సామాన్లు ఉంటాయి. మాదానికి గొలుసు కాదు కదా, కొక్కెం ఊడిన గుర్తు కూడా లేదు.

శ్రీలంక కాండీ రాజ్యపు పిహకెట్ట అనే కత్తి వైపు లాగింది పనితనం. పిడి దగ్గర అలుగు మీద ఇత్తడి తాపడం చేసి, తీగలు చెక్కారు. భూతద్దంలో ఆకుల ఈనెలు కూడా కనిపించాయి. ఇక చెక్క ఒరలో కత్తి గాడి పక్కనే ఇంకో సన్నని గాడి! తాటాకుల మీద రాసే గంటం పెట్టుకోడానికన్నమాట. గంటం ఎప్పుడో పోయింది.

కాండీ 1815లో, కొడగు 1834లో ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కాయి కాబట్టి చరిత్ర రెండింటికీ ఉంది. నా ఓటు మాత్రం ఆ రెండో గాడికే, అంటే కాండీ కత్తికే. అమ్మ ఇప్పటికీ దాన్ని తుప్పుకత్తి అనే అంటోంది.